నడుస్తున్న వ్యాపారం కొనడానికి డబ్బు: బ్యాంకు లోనా, ప్రామిసరీ నోటా, అమ్మేవాడికే వాయిదాలా?

నెల్లూరు పొగతోటలో ఒక మందుల షాపు అమ్మకానికి వచ్చిందనుకుందాం. అడిగేది 40 లక్షలు. బేరానికి కూర్చోకముందే ఆ 40 లక్షల్లో దేనికెంతో విడగొట్టి రాసుకోవాలి. స్టాకు 14 లక్షలు. ర్యాకులు, ఫ్రిజ్, ఏసీ, కంప్యూటర్ అన్నీ కలిపి 3 లక్షలు. బిల్డింగు ఓనరు దగ్గరున్న అడ్వాన్సు 5 లక్షలు. మరి మిగతా 18 లక్షలు? "గుడ్‌విల్ తమ్ముడూ. ఇరవై ఏళ్ల షాపు, చుట్టూ ఆసుపత్రులు" అంటాడు అమ్మే పెద్దాయన. అంటే షాపు పేరుకు, పాత కస్టమర్లకు కట్టే ధర. ఆయన మాట నిజమే కావచ్చు. కానీ బ్యాంకు మేనేజరు ఆ 18 లక్షల దగ్గరికొచ్చేసరికి సున్నా చుడతాడు. షాపు అడ్వాన్సుకీ అదే గతి. స్టాకు, సామాను మీద పావలా వంతు మీరు మార్జిన్ (మీ వాటా సొంత డబ్బు) పెట్టుకుంటే చేతికొచ్చే లోను 12 లక్షల 75 వేలు. 27 లక్షల పైచిలుకు ఇంకెక్కడి నుంచో రావాలి.

అదే చీమకుర్తి దగ్గర గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ 1 కోటి 20 లక్షలకు వచ్చిందనుకోండి. స్థలం, షెడ్డు 75 లక్షలు, మెషిన్లు 35 లక్షలు, పేరు, పాత కస్టమర్లు కలిపి 10 లక్షలు. రేటు మూడింతలు ఉన్నా బ్యాంకు దృష్టిలో ఇదే తేలిక. తాకట్టు పెట్టుకోవడానికి భూమి ఉంది, మెషిన్ల మీద హైపోతికేషన్ (వస్తువు మీ దగ్గరే ఉంచి తాకట్టు) రాయించుకోవచ్చు.

కాబట్టి నా లెక్క ఇది. వస్తువులకు బ్యాంకు డబ్బు, పేరుకు అమ్మేవాడి వాయిదాలు, ఏదీ తేలకపోతే ముందు లీజు. మిగతా మార్గాలు, అంటే బంగారం, చీటీ, నోటు రాసి తెచ్చే వడ్డీ డబ్బు, బావమరిది డబ్బు, వీటి మధ్య వచ్చే సందులు పూడ్చుకోవడానికే.

చూపించిన లాభం, చూపించని లాభం

ఏ వ్యాపారం కొనబోయినా వినిపించే మాట ఒకటుంది. "లెక్కల్లో చూపేది సగమే అన్నా. నిజానికి నెలకు లక్షన్నర మిగులుతుంది." ధర ఆ లక్షన్నర మీద చెబుతారు. బ్యాంకు లోను మాత్రం రిటర్నుల్లో కనిపించే 75 వేల మీద ఇస్తుంది. ఈ రెండింటి మధ్య తేడా మొత్తం మీ జేబులోంచే పోవాలి. చూపించని లాభానికి పూర్తి ధర కట్టడం నాకైతే అస్సలు నచ్చదు. అమ్మేవాడు పన్ను ఎగ్గొట్టి తిన్న మిగులుకు మీరు గుడ్‌విల్ కట్టి, రేపు ఈఎంఐ కోసం బిల్లులన్నీ చూపించి పన్ను కూడా కట్టుకోవాలి.

ఆయన చెప్పేది ఎంతవరకు నిజమో పట్టుకోవడానికి కరెంటు బిల్లును మించిన సాక్ష్యం లేదు. పాలిషింగ్ యూనిట్ అయినా రైస్ మిల్లయినా 24 నెలల బిల్లులు అడగండి. కరెంటు సంస్థ నెల్లూరు వైపు ఎస్పీడీసీఎల్, ప్రకాశం వైపు సీపీడీసీఎల్, సర్వీసు నంబరు ఉంటే వివరాలు దొరుకుతాయి. అమ్మకం బిల్లులు కావాలంటే పుట్టించొచ్చు, తిరగని మోటారుకు యూనిట్లు పుట్టించలేరు. ఏ నెల మెషిన్ ఆగిందో, ఏ నెల రెండు షిఫ్టులు నడిచిందో అందులో కనిపిస్తుంది. హోటలైతే గ్యాస్ సిలిండర్లు, పాల ఖాతా చూడాలి. మందుల షాపైతే డిస్ట్రిబ్యూటర్ల దగ్గర కొన్న బిల్లులు, జీఎస్‌టీ పోర్టల్‌లో 2బీ (అమ్మినవాళ్లు చూపించిన ఆ షాపు కొనుగోళ్ల పట్టిక). పనిలో పనిగా కరెంటు బాకీ ఉందేమో కూడా చూడండి. పాత ఓనరు బాకీ అని కొత్తాయన వాదిస్తే కనెక్షన్ రాదు.

బ్యాంకు లోను: ఇచ్చేది దేనికి, ఇవ్వనిది దేనికి

చిన్న షాపుకు ముద్ర లోను గుర్తొస్తుంది. అందులో తరుణ్ అనే విభాగం కింద 10 లక్షల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. 2024 బడ్జెట్ తర్వాత వచ్చిన తరుణ్ ప్లస్ 20 లక్షల దాకా వెళ్తుంది, కానీ అది ఇంతకుముందు తరుణ్ తీసుకుని సక్రమంగా తీర్చినవాళ్లకే. మొదటిసారి వెళ్లి 20 లక్షలు అడిగితే రాదు.

స్వయం ఉపాధికి కేంద్రం పెట్టిన పీఎంఈజీపీ పథకం సబ్సిడీ గురించి అడిగేవాళ్లు చాలామంది. పల్లెల్లో ప్రత్యేక కేటగిరీలకు 35 శాతం అనేసరికి ఎవరికైనా ఆశ పుడుతుంది. ఆ పథకం పెట్టింది కొత్త యూనిట్ల కోసం. నడుస్తున్నది కొంటే వర్తించదు. "పేరు మార్చి కొత్తదిగా చూపిద్దాం, నేను చూసుకుంటా" అనే మధ్యవర్తి తప్పకుండా తగులుతాడు. ఆ సబ్సిడీ సొమ్ము మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉంటుంది, యూనిట్ దగ్గరికొచ్చి తనిఖీ చేశాకే మీ ఖాతాకు కలుస్తుంది. అన్నాళ్లూ నిలబడే అబద్ధం కాదది.

పెద్ద మొత్తానికి తాకట్టు లేదంటే, చిన్న పరిశ్రమల లోన్లకు పూచీపడే ప్రభుత్వ ట్రస్టు సీజీటీఎంఎస్‌ఈ గ్యారంటీ ఉంది. 2025 ఏప్రిల్ నుంచి దాని పరిమితి 10 కోట్లు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఆ గ్యారంటీ బ్యాంకుకే గానీ మీకు కాదు. లోను కట్టకపోతే మీ మీదికే వస్తారు, ఏటా గ్యారంటీ ఫీజు కూడా మీ ఖాతాలోంచే పోతుంది. అది ఉందని చెప్పినా ఇల్లు పెట్టమనే మేనేజర్లు మన దగ్గర తక్కువేం లేరు.

పాత మెషిన్లు కొంటున్నప్పుడు బ్యాంకు చార్టర్డ్ ఇంజనీరు సర్టిఫికెట్ అడుగుతుంది. మెషిన్ ఇంకా ఎన్నేళ్లు పనిచేస్తుంది, ఇప్పటి విలువెంత అని. ఆ ఖర్చుకు వెనకాడకండి, బేరంలో మీకే పనికొస్తుంది. స్థలం కూడా ఉంటే ఇంకో చిక్కు వస్తుంది. "రిజిస్ట్రేషన్ గవర్నమెంటు రేటుకు రాసుకుందాం, మిగతాది చేతికిచ్చెయ్" అంటాడు అమ్మేవాడు. దస్తావేజులో రాసిన మొత్తం తగ్గితే లోను కూడా ఆ మేరకు తగ్గుతుంది. పైగా 2 లక్షలు, అంతకు మించి నగదు పుచ్చుకున్నవాడికి అంతే మొత్తం పెనాల్టీ. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి మన రాష్ట్రంలో ఏడున్నర శాతం. దీన్ని మీ సొంత డబ్బు కింద ముందే పక్కన పెట్టుకోండి.

అమ్మేవాడికి ఇప్పటికే బ్యాంకు లోను ఉంటే భయపడక్కర్లేదు, ఒక్కోసారి అదే మేలు. ఆ బ్రాంచి వాళ్లు ఆ యూనిట్‌ను ఏళ్లుగా చూస్తున్నారు. ఖాతా సక్రమంగా ఉంటే వేరే బ్యాంకుకు వెళ్లడం కంటే అక్కడే మాట్లాడటం తేలిక. డబ్బు మాత్రం అమ్మేవాడి చేతికి ఇవ్వొద్దు. "నువ్వు ఇచ్చెయ్, నేను లోను కట్టి కాగితాలు తెస్తా" అంటే తల ఊపకండి. డీడీ నేరుగా లోను ఖాతా పేరనే తీసి, నో డ్యూస్, ఒరిజినల్ దస్తావేజులు బ్రాంచిలోనే అందుకోవాలి.

ఇంటి మీద తెస్తే, పొలం మీద తెస్తే

సొంత ఇంటి మీద తీసుకునే లోను వడ్డీకి చౌకే, దేనికి వాడారని బ్యాంకు పెద్దగా పట్టించుకోదు కూడా. గుడ్‌విల్ కట్టడానికి చాలామంది ఎంచుకునేది ఇదే. ఇల్లు పెట్టి పేరు కొనడానికి నేను మాత్రం ఒప్పుకోను. ఇల్లు పెట్టాల్సి వస్తే స్థలానికో మెషిన్లకో పెట్టండి. వ్యాపారం తిరగబడితే వాటిని అమ్మయినా ఇల్లు విడిపించుకోవచ్చు, గుడ్‌విల్‌ను అమ్మి విడిపించుకోలేరు.

పొలం ఉన్నవాళ్లకు ఇంకో అనుమానం వస్తుంది. నాలుగెకరాల మాగాణి ఉంది, దాని విలువ కోటి పైనే, షాపుకు 20 లక్షలు ఇవ్వడానికి బ్యాంకుకు ఏమడ్డం? బాకీ ఎగ్గొడితే కోర్టుకు వెళ్లకుండా ఆస్తి స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. అందుకని వ్యాపారం లోనుకు పొలాన్ని తాకట్టుగా తీసుకోవడానికి బ్యాంకులు ఇష్టపడవు.

రెండు రూపాయల వడ్డీ

ఒంగోలులో అయినా కావలిలో అయినా నోటు మీద డబ్బు సాయంత్రానికల్లా దొరుకుతుంది. ఆ తొందరకు ఎంత కడుతున్నామో చూడండి. 30 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 60 వేలు. అసలు అలాగే ఉంటుంది. అదే 30 లక్షలు బ్యాంకులో 11 శాతానికి ఐదేళ్లకు తీసుకుంటే ఈఎంఐ సుమారు 65,200. నెలకు ఐదు వేల చిల్లర ఎక్కువ కడితే ఐదేళ్లకు అప్పే ఉండదు. నోటు మీదైతే అదే ఐదేళ్లలో 36 లక్షలు వడ్డీ కింద పోయి, 30 లక్షల అసలు ఇంకా బాకీ. ఏడేళ్లకు తీసుకుంటే బ్యాంకు ఈఎంఐ 51,400 దగ్గరకు దిగుతుంది. ముందే తీర్చేస్తే చార్జీలు వేస్తారేమోనన్న భయం కూడా ఇప్పుడు తగ్గింది. 2026 జనవరి 1 నుంచి మంజూరయ్యే ఫ్లోటింగ్ రేటు (మధ్యలో మారే వడ్డీ) వ్యాపార లోన్లకు, వ్యక్తులకైనా చిన్న పరిశ్రమలకైనా, బ్యాంకులు ప్రీపేమెంట్ చార్జీ వేయకూడదని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. గ్రామీణ బ్యాంకుల్లో, స్మాల్ ఫైనాన్స్ బ్యాంకుల్లో మాత్రం 50 లక్షల లోపు లోన్లకే ఇది.

నోటు తప్పనిసరైతే రెండు మూడు నెలల సందు పూడ్చడానికే వాడండి. లోను మంజూరైంది, విడుదల కావడానికి నెల పడుతుంది, ఈలోగా బేరం జారిపోతుంది అన్నప్పుడు. ఖాళీ నోటు మీద సంతకం వద్దు, ఖాళీ చెక్కు అసలే వద్దు. కట్టిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు రాయించండి, తీరిన రోజే నోటు చేతికి తీసుకోండి. 20 వేలు, ఆపైన అప్పు నగదుగా తీసుకోకూడదన్న పన్ను నిబంధన బంధువుల దగ్గర తెచ్చినా సరే వర్తిస్తుంది, బ్యాంకు ద్వారానే తెప్పించుకోండి.

అమ్మేవాడికే వాయిదాల్లో కట్టడం

నా ఓటు దీనికే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

పైన చెప్పిన 40 లక్షల షాపులో 24 లక్షలు తాళాలు తీసుకున్న రోజు, మిగతా 16 లక్షలు 24 నెలల్లో అనుకుందాం. నెలకు 66,667 చొప్పున. పెద్దాయన వెంటనే అంటాడు: "మొత్తం ఒకేసారి ఇస్తే 36కే ఇస్తా." నాలుగు లక్షలు తగ్గుతున్నాయంటే ఎవరికైనా మనసు లాగుతుంది. లెక్క కట్టి చూస్తే, ఇప్పుడు 12 లక్షలు ఇవ్వనందుకు రెండేళ్లలో 16 లక్షలు కడుతున్నట్టు. అంటే నూటికి నెలకు రెండున్నర రూపాయల వడ్డీ దగ్గరికి వస్తోంది. వడ్డీ ఒక్కటే చూస్తే నోటు కంటే ప్రియం. మీ దగ్గర సొంత డబ్బు మూలుగుతుంటే 36కే కొనాలనిపిస్తుంది.

అయినా మొత్తం ఇచ్చేయొద్దంటాను. ఎందుకంటే ఆ 16 లక్షలు మీ చేతిలో ఉన్నన్నాళ్లు పెద్దాయన ఫోను ఎత్తుతాడు. డాక్టర్లకు పరిచయం చేస్తాడు, డిస్ట్రిబ్యూటర్‌తో మాట్లాడతాడు, లైసెన్సు పనికి మీతోపాటు వస్తాడు. అంతకంటే ముఖ్యం, పాత బాకీలు బయటపడితే కోసుకోవడానికి మీ దగ్గర ఆయన డబ్బు ఉంటుంది. వ్యాపారం చేతులు మారితే, మారకముందు నాటి జీఎస్‌టీ బాకీకి కొన్నవాడూ అమ్మినవాడూ ఇద్దరూ బాధ్యులే. పనివాళ్ల పీఎఫ్ బాకీకీ ఇలాంటి నిబంధనే ఉంది. మూడేళ్ల కిందటి రిటర్ను మీద ఈరోజు నోటీసు రావచ్చు. అప్పుడు ఆయన బెంగళూరులో కొడుకు ఇంట్లో ఉంటే మీరేం చేస్తారు?

మధ్యేమార్గం లేకపోలేదు. 38 లక్షలకు ఒప్పించి, 8 లక్షలు మాత్రం ఏడాది పాటు ఆపుకోండి. ధరలో ఐదో వంతుకు తగ్గకుండా అమ్మేవాడి డబ్బు మీ దగ్గర ఉండాలన్నది నా పట్టు. దానికీ ఒప్పుకోనివాడి మీద నాకు అనుమానం మొదలవుతుంది.

అగ్రిమెంట్‌లో ఏం రాసుకోవాలి? పాత బాకీ ఏది వచ్చినా తర్వాతి వాయిదాలోంచి తగ్గించుకునే హక్కు. లైసెన్సు మీ పేర వచ్చేదాకా రెండో వాయిదా కట్టనక్కర్లేదన్న షరతు. మందుల షాపుకు ఇది ప్రాణం. డ్రగ్ లైసెన్సు చేతులు మారదు, ఓనర్లు మారిన రోజు నుంచి గరిష్ఠంగా మూడు నెలలే పాతది చెల్లుతుంది, ఈలోపు కొత్తది తెచ్చుకోవాలి. అలాగే, అదే వీధిలో ఇంకో షాపు తెరవనని ఆయనతో రాయించుకోండి. మామూలుగా వ్యాపారం చేయొద్దనే ఒప్పందాలు మన కాంట్రాక్టు చట్టం ముందు చెల్లవు. గుడ్‌విల్ అమ్మినప్పుడు మాత్రం ఫలానా ప్రాంతంలో అని హద్దు పెట్టి రాస్తే చెల్లుతుంది. "నెల్లూరు జిల్లా మొత్తంలో, జీవితాంతం" అని రాస్తే అతి అవుతుంది. పొగతోట చుట్టుపక్కల ఇన్ని కిలోమీటర్లు, ఇన్నేళ్లు అని రాయండి.

ఆయన భయం కూడా న్యాయమైనదే. షాపు మీకిచ్చాక మీరు ముంచేస్తే? అందుకు పోస్ట్ డేటెడ్ చెక్కులు అడుగుతాడు. తేదీ, మొత్తం రాసినవి ఇవ్వండి, కానీ ఒక్క చెక్కు బౌన్స్ అయినా రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా పడొచ్చని తెలిసే ఇవ్వండి. వ్యాపారం నీరసపడే నెలల్లో వాయిదా తక్కువ, సీజన్లో ఎక్కువ ఉండేలా తేదీలు ముందే కుదుర్చుకుంటే ఈ గండం సగం తప్పుతుంది.

స్టాకు లెక్క రోజు మాత్రం దగ్గరుండాలి. మూడు నెలల్లో ఎక్స్‌పైరీ అయ్యేవి ఒక అట్టపెట్టెలోకి, కత్తిరించిన స్ట్రిప్పులు ఇంకో దాంట్లోకి. మిగిలినవాటికి విలువ కట్టేది కొన్న రేటుకు, ఎంఆర్‌పీకి కాదు. 14 లక్షలన్న స్టాకు ఈ జల్లెడ పట్టాక 11 లక్షలకు దిగితే ఆశ్చర్యపోకండి. ఆ మూడు లక్షలు అక్కడికక్కడే ధరలోంచి తీయాలి.

వ్యాపారాన్ని మొత్తంగా, నడుస్తున్నది నడుస్తున్నట్టుగా కొంటే ఆ బదిలీ మీద జీఎస్‌టీ ఉండదు. స్టాకు, సామాను విడివిడిగా బిల్లు చేస్తే పడుతుంది. అగ్రిమెంట్ రాసే ముందే మీ ఆడిటరుతో ఒక మాట అనుకోండి. గుడ్‌విల్ కింద కట్టిన సొమ్ము మీద తరుగుదల కూడా ఇప్పుడు ఇన్‌కమ్ ట్యాక్స్‌లో చూపించుకోవడానికి లేదు.

లీజు

కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం వైపు రైస్ మిల్లులకు, చీమకుర్తి వైపు కటింగ్ యూనిట్లకు ఇది బాగా పనికొస్తుంది. ఒక సీజన్ లీజుకు తీసుకుని నడిపి, నచ్చితే ముందే అనుకున్న ధరకు కొనడం. కొనే ధరను లీజు కాగితంలో మొదటి రోజే రాయించాలి. లేకపోతే మీరు కష్టపడి మిల్లును నిలబెట్టాక ఆయన రేటు పెంచుతాడు.

రైస్ మిల్లు విషయంలో ఇంకో లోతు ఉంది. పౌర సరఫరాల సంస్థకు కస్టమ్ మిల్లింగ్ (వాళ్ల ధాన్యం ఆడించి బియ్యం అప్పజెప్పడం) చేసిన మిల్లయితే, తీసుకున్న ధాన్యానికి ఇంకా ఎంత బియ్యం ఇవ్వాలో అడగండి. పచ్చి బియ్యమైతే క్వింటాలు ధాన్యానికి 67 కిలోలు అప్పజెప్పాలి. రూపాయల్లో బాకీ ఏమీ లేదని చెప్పే మిల్లుకు బియ్యంలో బాకీ ఉండొచ్చు. బ్యాలెన్స్ షీట్ చూసి మురిసిపోతే సరిపోదు, గోడౌన్ తలుపు తీయించండి.

టిఫిన్ హోటలుకు లీజు అంత నప్పదు. వంటమాస్టరు ఎవరి వైపు ఉంటే వ్యాపారం వాళ్లదే.

చీటీ, భాగస్వామి

ఇప్పటికే కడుతున్న చీటీ ఉండి, ఇంకా పాడుకోకపోతే, మార్జిన్ మనీకి అది మంచి డబ్బే. ఈ కొనుగోలు కోసమే కొత్తగా చీటీలో చేరి మూడో నెలలో పాడుకోవాలనుకుంటే, పాటలో పోయేది, నిర్వాహకుడి కమీషన్ (చట్టం 7 శాతం దాకా అనుమతిస్తుంది), ష్యూరిటీలకు ఉద్యోగస్తుల వెంట తిరగడం, అన్నీ లెక్కేసుకోండి. రిజిస్టరు కాని చీటీ జోలికి పోవద్దు.

డబ్బు పెట్టే బంధువు భాగం కావాలంటే భాగస్వామ్య ఒప్పందం రాసి, ఫర్మ్ రిజిస్టరు చేయించండి. రిజిస్టరు కాని ఫర్మ్ రేపు బాకీదారు మీద కోర్టుకెళ్లలేదు. పనిచేసేవాడి జీతం ముందు తీసి, ఆ తర్వాతే లాభం పంచుకోవాలి. సగం గొడవలు ఇక్కడే పుడతాయి. "నేను డబ్బు మాత్రమే పెడతా, అప్పులతో నాకు సంబంధం లేదు" అంటే మామూలు భాగస్వామ్యంలో కుదరదు, ఫర్మ్ అప్పులకు ఆయన ఇల్లు కూడా పూచీనే. ఆ భయం ఉంటే, పెట్టిన డబ్బు వరకే బాధ్యత ఉండే ఎల్‌ఎల్‌పీ పెట్టుకోండి.

చేతిలో ఎంత మిగలాలి

ధరకు డబ్బు కూడింది కదా అని తాళాలు తీసుకోకండి. పాత ఓనరుకు డిస్ట్రిబ్యూటర్లు నెలరోజుల అరువు ఇచ్చి ఉంటారు. మీరు కౌంటర్లో కూర్చున్న మర్నాటి నుంచి "కొత్త ఖాతా కదండీ, కొన్నాళ్లు క్యాష్ మీదే తీసుకోండి" అంటారు. బ్యాంకు క్యాష్ క్రెడిట్ లిమిట్ (వాడుకుంటూ తిరిగి కడుతూ ఉండే అప్పు పరిమితి) అంచనా టర్నోవరులో ఐదో వంతు దాకా ఇవ్వొచ్చు, కానీ ఆ అంచనాకు ఆధారమైన చరిత్ర అమ్మినవాడిది, మీది కాదు కాబట్టి మొదటి ఏడాది తగ్గించే ఇస్తారు. అందుకే మీ సొంత డబ్బులో మూడో వంతు ధరలోకి పోనివ్వకుండా స్టాకు కోసం ఉంచండి.

బంగారం కుదువ పెట్టాల్సి వస్తే ఇక్కడ పెట్టండి, గుడ్‌విల్‌కు కాదు. స్టాకు రెండు మూడు నెలల్లో తిరిగి డబ్బవుతుంది, గొలుసు ఏడాది తిరక్కుండానే ఇంటికొస్తుంది. పెట్టే ముందు అది ఎవరి మెడలోదో వాళ్లను అడిగి, ఎప్పుడు విడిపిస్తారో నెల పేరుతో సహా చెప్పండి.